పొవాయ్ ల్యాబ్ నుంచి ఖార్ఘర్ వార్డు దాకా

(డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ ఫైనలియర్ విద్యార్థులతో ఒక అధ్యాపకుడు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు మీ మేడం గారు, "క్యాన్సర్ మందులు తయారుచేసే కంపెనీ ఎలా మొదలవుతుందో పిల్లలకి చెప్పండి, వీళ్ళలో చాలామందికి స్టార్టప్ అంటే యాప్ అనే తెలుసు" అన్నారు. మంచి మాట. అయితే స్లయిడ్లు ఏమీ తేలేదు. ఒక కాగితం గురించి చెప్పి మొదలుపెడతాను.

2018లో మా బాబాయికి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, తిరగబెట్టింది. అంతకుముందు కీమో అంతా అయింది, ఏడాదిన్నర బాగానే ఉన్నాడు, మళ్ళీ మెడ కింద గడ్డలు. ఇంకేమైనా ఉందా డాక్టరుగారూ అని మా పిన్ని అడిగితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం ఒకటి చింపి దాని వెనక ఒక అంకె రాశారు. 3,73,000. రూపాయలనుకుంది మా పిన్ని. మొహంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది, నేను పక్కనే ఉన్నాను, చూశాను. డాలర్లమ్మా, అమెరికాలో ఇచ్చే వైద్యం, ఇక్కడ లేదు అన్నారాయన. మంచి మనిషి, దాచకుండా చెప్పారు. బాబాయి ఆ మరుసటి ఏడాది పోయాడు. ఆ కాగితం మా పిన్ని దగ్గర ఇప్పటికీ ఉంది, పాస్‌బుక్కులు పెట్టుకునే కవర్లో.

ఆ వైద్యం పేరు కార్-టీ. మీరు ఇమ్యునాలజీ పేపర్లో రెండు మార్కుల ప్రశ్నగా చదివి ఉంటారు. రోగి రక్తంలోంచి టీ కణాలు, అంటే జబ్బు కణాల్ని చంపే తెల్ల కణాలు, తీస్తారు, వాటికి బయట ఒక కొత్త జన్యువు ఎక్కిస్తారు, దాంతో ఆ కణానికి కొత్త చెయ్యి ఒకటి మొలిచినట్టు అవుతుంది. ఆ చెయ్యి సీడీ19 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్ బీ కణాల మీద ఉంటుంది, ఈ రకం లుకేమియా, లింఫోమా వచ్చేది ఆ బీ కణాలకే. మామూలుగా టీ కణం క్యాన్సర్ కణాన్ని చూసి కూడా మనవాడే కదా అని వదిలేస్తుంది, ఈ కొత్త చెయ్యి వచ్చాక వదలదు. మంచి బీ కణాలు కూడా పోతాయి, అది దీనిలో ఉన్న నష్టం, అయినా మనిషి అవి లేకుండా కొన్నాళ్ళు బతకగలడు, జాగ్రత్తగా చూసుకుంటే.

2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్న పిల్లకి ఇది ఇచ్చారు. లుకేమియా ఉన్న పిల్లల్లో ఆ పిల్లే మొదటిది. టీ కణాలు పని మొదలుపెట్టాక జ్వరం పెరిగి పిల్ల ప్రాణం మీదికొచ్చింది, వెంటిలేటర్ మీద పెట్టారు. రక్తంలో ఐఎల్-6 అనే ప్రోటీన్, కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునేది, విపరీతంగా పెరిగిందని తేలింది. ఆ వైద్యానికి మూలపురుషుల్లో ఒకరైన కార్ల్ జూన్‌కి ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు తెలుసు. ఎందుకు తెలుసంటే ఆయన కూతురికి కీళ్ళవాతం, ఆ మందు సంగతి ఆ కూతురి వైద్యం కోసం తెలుసుకున్నారు. ఆ మందు ఇస్తే ఎమిలీ తేరుకుంది. ఇది ఎందుకు చెప్పానంటే, ఒక మనిషి బుర్రలో ఉన్న తెలివి చాలకపోతే ఇంకో వైపు నుంచి తెలిసిన సంగతి ఎలా ఆదుకుంటుందో మీకు చెప్పాలని. నేను చెప్పబోయే ముంబై కథ అంతా అదే.

2017లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ మొదటి కార్-టీ వైద్యానికి అనుమతి ఇచ్చింది. ధర 4,75,000 డాలర్లు. ఆ ఏడాదే ఇంకోటి వచ్చింది, 3,73,000. మా పిన్ని కాగితం మీద ఉన్నది ఆ రెండోదే.

ఇప్పుడు ముంబై వద్దాం. రాహుల్ పుర్వార్ అని ఒక శాస్త్రవేత్త. జర్మనీలో హానోవర్ మెడికల్ స్కూల్లో పీహెచ్‌డీ, తర్వాత హార్వర్డ్‌లో పోస్ట్‌డాక్, 2013లో వెనక్కి వచ్చి ఐఐటీ బాంబేలో బయోసైన్సెస్ విభాగంలో చేరారు. ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కడా రోగికి కార్-టీ ఇవ్వలేదు. ఒక విషయం గమనించండి. ఐఐటీ క్యాంపస్‌లో ఇంజనీర్లుంటారు, కంప్యూటర్లుంటాయి, చెరువుంది, చెట్లున్నాయి, క్యాన్సర్ వార్డు లేదు. పుర్వార్ గారు టీ కణాన్ని ఎంత బాగా తయారుచేసినా ఎక్కించడానికి మంచం మీద మనిషి ఉండాలి కదా. ఆ మంచం టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళ దగ్గరుంది. పరేల్‌లో పెద్దాసుపత్రి, నవీ ముంబై ఖార్ఘర్‌లో వాళ్ళ పరిశోధన కేంద్రం ఏక్ట్రెక్, అక్కడ బోన్ మ్యారో మార్పిడి యూనిట్. ఐఐటీ ఉన్న పొవాయ్ నుంచి ఖార్ఘర్‌కి ఓ 30 కిలోమీటర్లు ఉంటుంది. ముంబై ట్రాఫిక్ తెలిసినవాళ్ళకి అదెంత దూరమో తెలుసు.

అటువైపు గౌరవ్ నరులా ఉన్నారు, పిల్లల క్యాన్సర్ డాక్టరు. పెద్దల వైపు హస్ముఖ్ జైన్. వీళ్ళు రోజూ చూసేది కీమో పని చెయ్యడం మానేసిన రోగుల్ని. ఇంకేముంది అని అడిగే తల్లిదండ్రుల్ని చూసీ చూసీ ఉన్నవాళ్ళు. ల్యాబ్‌లో ఉన్న మనిషికి తెలియనిది వీళ్ళకి తెలుసు. రోగి దగ్గర ఎంత రక్తం తియ్యొచ్చు, జ్వరం ఎన్నో రోజున వస్తుంది, ఏ రోగి తట్టుకుంటాడు, ఎవరు తట్టుకోలేరు.

ల్యాబ్ వైపు అల్కా ద్వివేది అని పీహెచ్‌డీ విద్యార్థిని, అథర్వ కరూల్కర్ అనే ఇంకో యువకుడు. మీలాంటి పిల్లలే, నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళు చేసిన పనేంటో కొంచెం చెప్పనివ్వండి, పేపర్లో ఫోటోలు వచ్చినప్పుడు ఈ భాగం ఎవరూ రాయరు. అమెరికాలో మొదట వచ్చిన కార్-టీల్లో సీడీ19ని పట్టుకునే ఆ చెయ్యి ఎలుక యాంటీబాడీ నుంచి తీసుకున్నది. మన శరీరం దాన్ని పరాయిదిగా చూసే ప్రమాదం ఉంది. ముంబై వాళ్ళు దాన్ని మనిషి ప్రోటీన్‌కి దగ్గరగా ఉండేలా మార్చి, ఒకటి కాదు, రకరకాలుగా తయారుచేసి, ఒక్కొక్కటీ పరీక్షించి చూశారు. క్యాన్సర్ కణాన్ని చంపాలి, కానీ సైటోకైన్లు, అంటే ఐఎల్-6 లాంటి కబురు ప్రోటీన్లు, మరీ ఎక్కువ వదలకూడదు, ఎమిలీకి వచ్చిన లాంటి జ్వరం తగ్గాలి. ఆ ఫలితం 2021లో పత్రికలో వచ్చింది, దాంట్లో మొదటి పేరు అల్కా ద్వివేదిది. ఆ పేపర్ మీరు డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. అర్థం కాని చోట అండర్‌లైన్ చేసుకుని నాకు పంపండి, నేను చెప్తాను.

కణాలు పెంచడం అంటే ఏంటో మీలో ఎంతమంది చేతులారా చేశారు? ఎవరూ లేరా. సరే. నేను చదువు అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మూడేళ్ళు అదే పని చేశాను. ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రవం, కణాలకి అదే తిండి, మీడియం అంటారు. కణాలు తిని పెరిగేకొద్దీ ఆ గులాబీ రంగు నారింజకి, నారింజ నుంచి పసుపుకి వస్తుంది, అప్పుడు మీడియం మార్చాలి. పండగొచ్చినా మార్చాలి, పెళ్ళిచూపులున్నా మార్చాలి. ఒక సోమవారం పొద్దున్నే తలుపు తీస్తే ఆరు ఫ్లాస్కులూ పసుపు, పైగా మజ్జిగ తేటలా మసకమసకగా ఉన్నాయి. ఆదివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, ఆ పైన బ్యాక్టీరియా. రెండు నెలల పని. బ్లీచింగ్ పోసి పారబోశాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

నావి ఎలుక కణాలు. ఫ్రీజర్‌లో ఇంకో వయల్ ఉంది, మళ్ళీ మొదలుపెట్టాను. కార్-టీలో ఆ ఫ్లాస్కులో ఉన్నది ఒక మనిషి. మూడు నాలుగు రకాల కీమో అయిపోయిన ఒంట్లోంచి, రెండు మూడు గంటలు మెషీన్ మీద పడుకోబెట్టి, ఏరి తెచ్చిన టీ కణాలు. మళ్ళీ తీద్దామంటే ఒంట్లో మిగలకపోవచ్చు, ఆ మనిషికి అంత టైమూ ఉండకపోవచ్చు. మామూలు మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ నంబర్ అంటే లక్షల టాబ్లెట్లు. ఇక్కడ బ్యాచ్ అంటే ఒక్క రోగి. ఆ సంచి మీద లేబుల్ మారితే ఇంకొకరి కణాలు ఇంకొకరికి పోతాయి. అందుకే తీసిన దగ్గర్నుంచి ఎక్కించేదాకా ప్రతి చోటా ఇద్దరు సంతకం పెడతారు. బ్యాక్టీరియా ఉందా, మైకోప్లాస్మా ఉందా, ఎన్ని కణాలు బతికున్నాయి, ఎన్నిటికి జన్యువు ఎక్కింది, అన్నీ పాసయితేనే బయటికి. ద్రవ నైట్రోజన్ ఆవిరిలో గడ్డకట్టించి పంపుతారు. మీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం అంటే చిన్నచూపు ఉన్నవాళ్ళు ఉంటే ఈ సంచి ఒక్కసారి తలుచుకోండి.

ఆ జన్యువుని కణంలోకి ఎక్కించేది వైరస్. లెంటీవైరల్ వెక్టర్ అంటారు. అది ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా? హెచ్‌ఐవీ నుంచి. భయపడకండి, జబ్బు చేసే జన్యువులు తీసేశారు, ఒంట్లో పెరగడం దానికి చేతకాదు. హెచ్‌ఐవీకి టీ కణంలోకి దూరడం బాగా తెలుసు కదా, ఆ ఒక్క విద్యని వాడుకున్నారు. ఈ వెక్టర్ బయట దేశం నుంచి కొనాలంటే ఖర్చు చాలా ఎక్కువ. ముంబై వాళ్ళు తామే చేసుకోవడం నేర్చుకున్నారు. ధర తగ్గడానికి ఇదొక ముఖ్యమైన కారణం. ఇక్కడి జీతాలు తక్కువ కాబట్టి తగ్గింది అని కొందరు రాస్తారు, అది నిజమే కానీ సగమే నిజం. కుదిరిన మెట్లన్నీ సొంతంగా కట్టుకున్నారు, దానికే అన్నేళ్ళు పట్టింది.

కంపెనీ పెట్టింది 2018లో. ఇమ్యునోఏసీటీ. అంటే మా బాబాయి డాక్టరు కాగితం మీద అంకె రాసిన ఏడాదే. అప్పటికి ఆ కంపెనీ సంగతి మాకు తెలియదు, తెలిసినా లాభం లేదు, ఇంకా రోగిదాకా రాలేదు. పుర్వార్, కరూల్కర్‌లతో పాటు శిరీష్ ఆర్య వ్యవస్థాపకుల్లో ఒకరు. ప్రొఫెసర్‌కి కణం తెలుసు, డబ్బు ఎక్కడ దొరుకుతుందో, ఒప్పందం ఎలా రాయాలో, కంపెనీ ఎలా నడపాలో అన్నీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పని చేసే మనిషి పక్కన ఉండాలి. మీలో ఎంబీఏకి పోదామనుకునేవాళ్ళు చెవిన వేసుకోండి, బయోటెక్ చదివి ఎంబీఏకి పోవడం తప్పు దారి కాదు.

డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వం బయోటెక్ పరిశోధనకి సాయం చేసే తన సంస్థ బైరాక్ ద్వారా మొదటి ట్రయల్స్ కోసం 19.15 కోట్లు ఇచ్చింది. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు సాయం చేశారు. 2021 చివర్లో ఒక కంపెనీ సుమారు 46 కోట్లు పెట్టి 26 శాతం పైచిలుకు వాటా తీసుకుంది. ఆ కంపెనీ ఏదో ఎవరైనా చెప్తారా? లారస్ ల్యాబ్స్. అవునమ్మా, మన హైదరాబాద్ లారసే, విశాఖ దగ్గర పరవాడలో ఫ్యాక్టరీలున్న లారస్. చావా సత్యనారాయణ గారు 2005లో పెట్టింది. తర్వాత ఇంకో 80 కోట్లు పెట్టి వాటా మూడో వంతు దాకా పెంచుకుంది. ఇక్కడ నాకు భలే అనిపించే సంగతి ఒకటుంది. లారస్ పెద్దదయింది దేని మీద? హెచ్‌ఐవీ మందుల మీద. ఆఫ్రికాలో పేదవాళ్ళు వాడే ఏఆర్‌వీ మందులకి ముడిసరుకు మన పరవాడ నుంచి పోయింది. హెచ్‌ఐవీని అడ్డుకునే మందులమ్మి సంపాదించిన డబ్బు, హెచ్‌ఐవీనే లొంగదీసి క్యాన్సర్ మీదికి పంపే కంపెనీలోకి పోయింది. వాళ్ళు ఇలా ఆలోచించి పెట్టుంటారని నేను అనడం లేదు, వ్యాపారానికి వ్యాపారం లెక్కలుంటాయి. నాకు మాత్రం పరవాడ మీదుగా బస్సులో పోయినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

2021 జూన్ 4. కరోనా రెండో వేవ్ అప్పుడప్పుడే తగ్గుతోంది, ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనుషులు పరిగెత్తిన రోజులు మీ అందరికీ గుర్తే. ఆ రోజు ఏక్ట్రెక్‌లో మొదటి రోగికి ఐఐటీలో తయారైన కణాలు ఎక్కించారు. మన దేశంలో అదే మొదటి కార్-టీ. ఆ రాత్రి ఆ వార్డులో ఉన్నవాళ్ళ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. సంచి చిన్నది, ఎక్కించడానికి ఎక్కువసేపు కూడా పట్టదు. అసలు కష్టం ఆ తర్వాత. గంటగంటకీ జ్వరం చూడాలి, బీపీ చూడాలి, పేరు చెప్పగలుగుతున్నారా, ఒక వాక్యం రాయగలుగుతున్నారా అని అడుగుతూ ఉండాలి, మెదడు మీద ప్రభావం ఉంటే చాలాసార్లు మొదట చేతిరాతలోనే తెలుస్తుంది. ఆ వాక్యం రాయించే నర్సు పేరు ఏ కంపెనీ వెబ్‌సైట్లోనూ వ్యవస్థాపకుల జాబితాలో ఉండదు. ఉండాలని నా అభిప్రాయం.

మీకు ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది అసలు ఇదే. ఫౌండర్ అంటే ఒక మేధావి, ఒక ఐడియా, ఒక గ్యారేజీ అని మీ ఫోన్లు మీకు నేర్పాయి. మందుల్లో అలా కుదరదు. యాప్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి సరిచేసి కొత్త వెర్షన్ వదులుతారు, మనిషి ఒంట్లోకి పోయిన కణాన్ని వెనక్కి పిలవలేం. కాబట్టి ల్యాబ్‌లో ఉన్న మనిషి మాట వార్డులో ఉన్న మనిషి నమ్మాలి, వార్డులో ఉన్న మనిషి వద్దంటే ల్యాబ్‌లో ఉన్న మనిషి ఆగాలి. పుర్వార్ ఎంత తెలివైనవారైనా, నరులా లాంటి డాక్టరు నా రోగికి ఇది ఇస్తాను అని అనకపోతే ఇదంతా ఒక థీసిస్ అయ్యేది. అలమరాలో ఉండేది. మన యూనివర్సిటీల్లో అలమరాల్లో ఉన్న అలాంటి థీసిస్‌లు నాకు తెలుసు, మంచి మంచివి, వాటికి ఊరవతల ఉన్న మెడికల్ కాలేజీలో ఒక్క డాక్టరు తోడు దొరకలేదు. ఒకే ఊళ్ళో యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ రెండూ ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోని ఊళ్ళు మన దగ్గర ఎన్ని లేవు?

ఇంకో రకం టీమ్ కూడా ఉంది, అదీ చెప్పాలి. బెంగళూరులో ఇమ్యునీల్ అనే కంపెనీ, కిరణ్ మజుందార్ షా, సిద్ధార్థ ముఖర్జీ, కుష్ పర్మార్ కలిసి పెట్టారు. వీళ్ళు స్పెయిన్‌లో బార్సిలోనా ఆసుపత్రి తయారుచేసిన కార్-టీని లైసెన్సు తీసుకుని ఇక్కడ చేస్తున్నారు, 2025లో మార్కెట్‌లోకి వచ్చింది. డబ్బు, పేరు, పరిచయాలు మొదటి రోజు నుంచే ఉన్న టీమ్ అది. తప్పేమీ లేదు, రోగికి రెండు దారులుంటే మంచిదే. కానీ మీ దగ్గర పేరూ లేదు, డబ్బూ లేదు. మీకు పొవాయ్ దారే దగ్గర.

2023 అక్టోబర్లో మన డ్రగ్ కంట్రోల్ సంస్థ ముంబై వాళ్ళ కార్-టీకి, దాని పేరు నెక్స్‌కార్19, అనుమతి ఇచ్చింది. 15 ఏళ్ళు దాటినవాళ్ళకి, వేరే వైద్యాలు పని చెయ్యనివాళ్ళకి. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐఐటీ బాంబేకి వచ్చి ప్రారంభించారు. ట్రయల్ ఫలితాలు 2025లో లాన్సెట్ హెమటాలజీలో వచ్చాయి, 64 మందికి ఇచ్చారు, ఫలితం లెక్కించగలిగినవాళ్ళలో 73 శాతం మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. మిగతావాళ్ళకి పట్టలేదు. తగ్గినవాళ్ళలో కొన్నాళ్ళకి తిరగబెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇది మంత్రం కాదు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి కార్-టీ చేయిస్తే గ్యారంటీ అంటే నమ్మొద్దు, మీ బంధువుల్ని నమ్మనివ్వొద్దు.

మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ధర 40 లక్షల అటూ ఇటూ. ఆసుపత్రి ఖర్చులు వేరే. అమెరికాతో పోలిస్తే పదో వంతు అని పేపర్లన్నీ రాశాయి, నిజమే. మన ఊళ్ళో 40 లక్షలంటే మాత్రం ఇల్లు. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, రెండూ కలిపి. ఆ టీమ్‌ని నేను ఇంత పొగిడి, ఈ మాట చెప్పకుండా పోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఇంకా తగ్గాలి. తగ్గించే పని ఇప్పుడు ముంబైలో ఉన్నవాళ్ళ ఒక్కరిదే కాదు, మెషీన్లు ఇక్కడ చెయ్యాలి, మీడియం ఇక్కడ చెయ్యాలి, కణాలు పెంచే రోజులు తగ్గించాలి, ప్రతి పెద్దాసుపత్రిలో ఈ జ్వరాన్ని చూసుకోగలిగిన నర్సులు తయారవ్వాలి. ఇవన్నీ ఉద్యోగాలు. మీరు చెయ్యగలిగిన ఉద్యోగాలు.

రాష్ట్రపతి వచ్చిన రోజు రాత్రి మా పిన్ని ఫోన్ చేసింది. తొమ్మిది గంటల వార్తల్లో చూసిందట. "ఒరేయ్, డాక్టరుగారు అప్పుడు చెప్పింది ఇదేనా?" అంది. ఇదే పిన్నీ, ఆ జాతి మందే అన్నాను. "ఎంతట?" అంది. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు, అవతల టీవీ మోగుతోంది, ఎవరో వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా వినపడింది. తర్వాత మెల్లిగా, "పొలం సరిపోయేదిరా" అంది.

సరే. మైకు కొంచెం అటు ఇవ్వమ్మా. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.